పొలిమేర దాటిన కమాండు బండి

నౌపడ పక్క పేట
4 అక్టోబరు 2025

చిరంజీవి చంద్రానికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అందులో క్షేమ సమాచారం ఒక్క వాక్యం, లారీ గురించి పదకొండు పేజీలు. డెబ్భై నాలుగేళ్లొచ్చినా నీకు నిష్పత్తి తెలియలేదు. లెక్కల టీచరు తమ్ముడివని బయట చెప్పుకోకు.

నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. డిసెంబరు పదహారున విజయనగరంలో మీ మాజీ సైనికుల సభ. డెబ్భై ఒకటి యుద్ధంలో మీ కల్నలు గారు కూర్చుని యుద్ధం నడిపించిన కమాండు బండి, అంటే లారీ మీద కట్టిన ఆఫీసు గది, దానికి అచ్చు నమూనా ఒకటి ఆ సభలో బల్ల మీద పెట్టాలి. బజార్లో కొన్నది పనికిరాదు, చేత్తో చెయ్యాలి. అందులో వైర్‌లెస్ ముందు, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని నువ్వు కూర్చుని ఉండాలి. నీ చేతులు వణుకుతున్నాయి. అక్కేమో నలభై ఏళ్లు పిల్లల చేత అట్టముక్కలతో ఘనాలూ స్తూపాలూ చేయించింది. కాబట్టి అక్క చెయ్యాలి.

ఈ ముక్క ఫోన్లో చెప్పొచ్చుగా అని మనవరాలు ఆమని అడిగింది. ఫోన్లో నీకు వినపడదు, అరవడానికి నాకు ఓపిక లేదు. పాకిస్తాను ఫిరంగులు నీ చెవులు పట్టుకుపోయాక మనిద్దరికీ పోస్టుమేనే దిక్కని చెప్పాను.

మొదలుపెట్టాను. అడుగుకి ఒక అంగుళం లెక్క. ఆ లెక్కన బండి ఇరవై అంగుళాలు, నువ్వు ఐదున్నర అంగుళాలు. నీకది చాలు. నూనె డబ్బా కత్తిరించి గోడలు చేశాను. పాత గొడుగు ఊచలు వైర్‌లెస్ కంబాలు. మీ బావగారి హవాయి చెప్పులు కోసి చక్రాలు తీశాను. ఆయనున్నన్నాళ్లూ అరుగు దాటని చెప్పులు, ఇప్పుడైనా నాలుగడుగులు తిరుగుతాయి.

బండి మీద కప్పే వల కోసం ఎదురింటి కూర్మయ్యని అడిగాను. వల అల్లడంలో ఈ పేటలో అతని తర్వాతే ఎవరైనా.

“ఏటి టీచరమ్మగోరు, ఈ వల్లో ఏ సేప పడతాది?” అన్నాడు.

“పాకిస్తాను విమానాలు,” అన్నాను.

వేళ్లు ఎడంగా పెట్టి చూపిస్తూ, “మరైతే వల కన్ను ఇంకా పెద్దది గావాల,” అన్నాడు.

లోపలి కొలతలు పంపు. క్షేమం కూడా రెండు వాక్యాలు రాయి.

అక్క,
త్రిపురసుందరి


విజయనగరం
10 అక్టోబరు

అక్కకి నమస్కారాలు.

క్షేమం. ఇక్కడ వాన. ఇవి రెండు వాక్యాలు.

గది లోపల పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు ఆరున్నర. తలుపు వెనక. కుడిగోడ పొడుగునా రెండడుగుల బల్ల, దాని మీద రెండు వైర్‌లెస్ సెట్లు. బల్ల పైన ఎనిమిది కొక్కేలు. మూడోది వంగి ఉంటుంది, కల్నలు గారి టోపీ దానికే. కొక్కేల పక్కన కేలెండరు, కింది మూల చిరిగి ఉండాలి. గది నడుమ మ్యాపుల బల్ల, ఆరు బై మూడు. ఎడమగోడ మామూలే. లోపల నాతో కలిపి ఎనిమిది మంది.

బండి బయట, ఇరవై గజాల దూరంలో గుంట తవ్వి పెట్టిన ఛార్జింగ్ ఇంజిన్. వైర్‌లెస్ బ్యాటరీలన్నీ దాని మీదే బతికేవి. దాని వివరాలు విడిగా మూడు పేజీలు జత చేశాను. తాడు చుట్టి లాగి స్టార్ట్ చెయ్యాలి. మొదటిసారి ఎప్పుడూ అందుకోదు. రెండోసారి లాగేముందు ఎడమచేత్తో చోక్ సగం మూయాలి, పూర్తిగా మూస్తే తంతుంది. తాడు చివర ముడి మర్చిపోకు.

బండి మీద ఆకుల కొమ్మలు తప్పకుండా ఉండాలి. కొమ్మలు లేని కమాండు బండిని చూస్తే ఏ సైనికుడైనా నవ్వుతాడు.

నీ తమ్ముడు,
హవల్దారు చంద్రశేఖరం (రిటైర్డు)


పేట
20 అక్టోబరు

హవల్దారు గారికి,

పొందూరు నుంచి ఎప్పుడో తెచ్చుకున్న నూలుకండెలు అటక మీద ఉంటే దింపాను. ఒక్కో కండె ఐదున్నర అంగుళాలు, సరిగ్గా ఒక మనిషి. ఎనిమిదింటికీ ఖాకీ గుడ్డ చుట్టి, బొగ్గుతో మీసాలు దిద్ది, నీ కొలతల ప్రకారం లోపల కూర్చోబెట్టాను.

ఏడుగురు పట్టారు. ఎనిమిదోవాణ్ణి పెడితే తలుపు పడదు. తలుపు పడితే కల్నలు గారు మ్యాపుల బల్ల మీదికి ఎక్కుతున్నారు. మూడు రోజులు అన్ని రకాలుగా మార్చి చూశాను. వెడల్పు ఆరున్నరలో కుడి బల్ల రెండు, నడిమి బల్ల మూడు పోగా మిగిలింది ఒకటిన్నర అడుగు. ఇది లెక్క, నా నోటి దురుసు కాదు.

ఇంకోటి. కుడిగోడ మీద కొక్కెం వంకర సహా రాశావు. ఎడమగోడ “మామూలే” అన్నావు. గోడకి మామూలు ఏమిటిరా? అక్కడేముందో రాస్తే గాని నేను రేకు అతకలేను.

ఇంజిన్ మాత్రం నీ మూడు పేజీల పుణ్యమా అని అద్భుతంగా వచ్చింది. చూసినవాళ్లు బండి వదిలేసి దాన్నే చూస్తున్నారు.

అక్క


విజయనగరం
27 అక్టోబరు

అక్కా,

యుద్ధంలో మనుషులు సర్దుకుంటారు. కండెలు సర్దుకోవు. అది కండెల తప్పు.

ఎడమగోడ మీద బీరువా ఉంది. లేదా అది తర్వాత వచ్చిన బండిలో కావచ్చు. కిటికీ పెట్టెయ్యి. కిటికీ అయితే వెలుతురు బయటికి పోతుందంటావు. మరైతే ఒక దుప్పటి వేలాడదియ్యి.

నా కండె లోపలే ఉండాలి. మా సంఘంలో అందరికీ చెప్పేశాను. కావాలంటే కల్నలు గారిని సన్నం చెయ్యి.

చంద్రం


పేట
9 నవంబరు

ఒరే చంద్రం,

బీరువా, కిటికీ, దుప్పటి. ఒక్క ఉత్తరంలో ఒకే గోడకి మూడు జవాబులు. బళ్లో ఇలా రాసినవాణ్ణి నేను బెంచీ ఎక్కించేదాన్ని. రోజూ కూర్చున్న గదికి ఎడమగోడ గుర్తులేని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. నీ జ్ఞాపకశక్తి సగమే పోయిందా, పోయింది కూడా ఎడమ సగమేనా?

కల్నలు గారిని సన్నం చెయ్యను. తలుపు పడాలంటే ఒకడు బయట ఉండాలి. తాత్కాలికంగా నిన్నే దించాను. ఇంజిన్ పక్కన నిలబెట్టి చేతిలో ఆ తాడు పెట్టాను. బండికి వెనకగా చిన్న పలక అతికించి, ఇంజినూ నువ్వూ దాని మీద ఉండేటట్టు చేశాను. ఇరవై గజాల దూరం ఇరవై అంగుళాలు కూడా రాలేదు, క్షమించు. అక్కడ నువ్వు అచ్చు అక్కడే పుట్టినట్టున్నావు. సభకి ముందు ఎడమగోడ సంగతి తేల్చి చెబితే లోపలికి తీసుకుంటాను.

నౌపడ కొట్లో సైన్యం ఆకుపచ్చ రంగు లేదు. ముందు కోటింగుకి పసుపు ఉందంటే అదే వేశాను. ఆకుపచ్చ ఆమని పంపుతుంది. కొమ్మల కోసం చెట్లన్నీ చూశాను. మామిడాకు పెడితే లారీ మీద తలుపంత ఆకు పడుతుంది. మన కొలతకి సరిపోయిన ఆకు వేప ఒక్కటే. వేపమండలు వలలో గుచ్చాను. చాలా బాగుంది.

ఇంట్లో రంగు వాసనకి తల తిరుగుతోంది. పైగా పేటలో పిల్లలకి ఆటలమ్మ పోసింది, ఇంటింటా మంచాలే. అందుకని మా ఇంటి పక్కన కల్వర్టు మీద, గాలికి, బండిని ఆరబెట్టబోతున్నాను.

అక్క


విజయనగరం
13 నవంబరు

అక్కా,

ఈ ఉత్తరం చదివాక చించెయ్యి.

నువ్వు నన్ను బయట నిలబెట్టావని చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. నేను అక్కడే ఉన్నాను. ఆ గుంటలో, ఆ తాడు పట్టుకుని. లోపల నేను ఎప్పుడూ కూర్చోలేదు. ఇంజిన్ నడిపాను, దాని వేడి మీద టీ కాచాను. టీ అందించడానికి వెళ్తే వెలుతురు బయటికి రాకూడదని తలుపు సగమే తీసేవారు. ఆ సగంలోంచి కుడిగోడ ఒక్కటే కనిపించేది. ఆ కొక్కేలు ఎనిమిదీ టీ కప్పులు అందుకునే లోపల లెక్కపెట్టినవే.

నా చెవులు ఫిరంగులకి పోలేదు. ఆ ఇంజిన్‌కి పోయాయి.

నాన్న సంగతి నీకు తెలుసు. వేదం వదిలి సైన్యంలోకి పారిపోయినవాడు అక్కడ ఏం వెలగబెడుతున్నాడని నీ చేత రాయించారు. టీ కాస్తున్నానని రాయలేకపోయాను. వైర్‌లెస్ అని రాశాను. యాభై నాలుగేళ్లయింది, అది అలాగే పెరిగింది.

ఇప్పుడు అసలు ప్రమాదం. వైర్‌లెస్ ముందు నిజంగా కూర్చున్నవాడు పార్వతీపురం విశ్వనాథ్. అతను పోయాడని ఎవరో అన్నారు, నేనూ నమ్మాను. పోలేదు. పదహారున సభకి వస్తున్నానని కార్డు రాశాడు. ఆ బండి బల్ల మీద ఉండి, అతను వంగి చూస్తే, నేను ఈ ఊళ్లో తలెత్తుకోలేను.

బండి పంపకు. విరిగిపోయిందను. ఎలాగైనా ఆపు.

చంద్రం


పేట
14 నవంబరు

చంద్రానికి,

బండి లేదు. దాచకుండా చెబుతున్నాను.

మన చిన్నప్పుడు ఊళ్లో అమ్మవారు పోస్తే ఏం చేసేవారో గుర్తుందా? చిన్న బండి కట్టి, పసుపు పూసి, వేపమండలు గుచ్చి, అమ్మని అందులో సాగనంపేవారు. పొలిమేర దాటించి వదిలేస్తే, అవతలి ఊరివాళ్లు దాన్ని ఉంచుకోకూడదు, వెనక్కి తిప్పకూడదు. పసుపునీళ్లు పోసి, కొబ్బరికాయ కొట్టి, తమ అవతలి పొలిమేరకి తోసెయ్యాలి. ఈ పక్క పేటల్లో అది ఇంకా ఉంది.

ఇప్పుడు నువ్వే చూడు. పేటలో ఆటలమ్మ. కల్వర్టు మీద పసుపు బండి. దాని నిండా వేపమండలు. ఆ కల్వర్టేమో రెండు పేటలకీ పొలిమేర. నలభై ఏళ్లు లెక్కలు చెప్పినదానికి ఈ కూడిక తట్టలేదు.

మొన్న పన్నెండో తేదీ పొద్దున్న కాఫీ తాగి వచ్చేసరికి ఖాళీ కల్వర్టు. అవతలి పేటకి పరుగెత్తాను. చేపలమ్మే జగ్గమ్మ అప్పటికే చేతులు కడుక్కుంటోంది.

“జగ్గమ్మా, అది నా లారీ!”

“లారీయో, రథవో, పొలిమేర దాటీసినాది కదమ్మా. మాం మాత్రం ఉంచుకుంటావేటి? పూజ సేసి అటుపక్కకి తోసీసినాం.”

“అందులో అమ్మవారు లేదే. కండెలున్నాయి. కల్నలు గారున్నారు.”

“ఆ కల్నలమ్మకే దండవెట్టినాం. ఎనక్కి తెస్తే రోగం మీ పిల్లలకొస్తాదా, మా పిల్లలకొస్తాదా? సదువుకున్నదానివి, నువ్వే సెప్పు.”

చదువుకున్నదాన్నే. కానీ పక్కనే మంచంలో దాని మనవరాలు ఒళ్లంతా పొక్కులతో నన్నే చూస్తోంది.

నీ సభకి బండి చేరే ఆశ పెట్టుకోకు. నాకు బాధగా ఉంది, ఆ మాట రెండోసారి రాయను.

అక్క


విజయనగరం
20 నవంబరు

అక్కా,

నీ ఉత్తరం చదివి కళ్లు చెమర్చాయి. జీవితంలో అబద్ధమాడని మనిషివి, నా పరువు కోసం ఈ వయసులో ఇంత పెద్ద అబద్ధం అల్లావు. విరిగిపోయిందంటే చాలు కదా, కల్నలు గారిని అమ్మవారిని చెయ్యాలా? జగ్గమ్మ మాటలు మరీ బాగున్నాయి, నిజంగా అన్నట్టే ఉన్నాయి.

మా సంఘంలో చెప్పేశాను, బండి ప్రమాదంలో పోయిందని. ఇప్పుడు హాయిగా ఉంది. విశ్వనాథ్ వస్తే రానీ. నీ రుణం తీర్చుకోలేను.

చంద్రం


పేట
3 డిసెంబరు

ఒరే అమాయకుడా,

నీ పదమూడో తేదీ ఉత్తరం నాకు పదిహేడున అందింది. నాది పద్నాలుగున రాసింది. తేదీలు చూడటం ఏ క్లాసులో చెబుతారో గుర్తు చేసుకో. నేను అబద్ధం అల్లలేదు. నాకు అంత ఊహ ఉంటే లెక్కలు చెప్పేదాన్నా?

బండి నడుస్తోంది. పైగా నీ వైపే వస్తోంది.

టెక్కలి దగ్గర నాలుగు రోడ్ల కూడలిలో పెద్దలు రెండు జట్లయ్యారట, అమ్మ ఇచ్ఛాపురం వైపు వెళ్తుందా, శ్రీకాకుళం వైపా అని. కబురు తెలిసి కూర్మయ్యని తీసుకుని ఆటోలో వెళ్లాను, ఇది బొమ్మ అని అక్కడైనా చెబుదామని. నన్ను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. ఈ టీచరమ్మ చేతులతో కట్టిన బండి, అది కదిలిన వారానికే పేటలో పిల్లలు లేచి ఆడుకుంటున్నారని అప్పటికే ఊరంతా పాకింది. ఆటలమ్మ వారం పదిరోజుల్లో దానంతటదే తగ్గుతుందని నేను చెప్పాను. “అదే కదమ్మా, అమ్మ మహిమ,” అన్నారు.

“ఎటెల్తాదంటావు టీచరమ్మా?” అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపు కూర్మయ్య అందుకున్నాడు. “ఇజీనారం ఎల్తాది. ఆ యమ్మ తమ్ముడు అక్కడున్నాడు.”

నేను కాదనలేదు. ఇంత శ్రమపడి చేసిన బండి ఒడిశాలో తేలితే నాకేం లాభం? లెక్క వేశాను. నౌపడ నుంచి విజయనగరం నూట ఇరవై కిలోమీటర్లు. పన్నెండున బయల్దేరింది. పదహారుకి ముప్పై నాలుగు రోజులు. ఊరి నుంచి ఊరికి రోజుకి సగటున మూడున్నర కిలోమీటర్లు. నిన్నటికి పొందూరు చేరింది. ఒక్క పూట తేడా లేదు. రైళ్లవాళ్లు నేర్చుకోవాలి.

ఇక నీ సంగతి. నీ ఉత్తరం చించలేదు. చించమంటే చించే అక్కని కాను. ఇంజిన్‌కి మూడు పేజీలు వచ్చినప్పుడే సగం తెలిసింది, ఎనిమిదో కండె పట్టనప్పుడు మిగతా సగం. నువ్వు నోరు విప్పుతావేమోనని గోడ పేరుతో గుచ్చాను. టీ కాచానని ముందే రాసి ఉంటే నాన్న నాలుగు రోజులు అరిచి ఊరుకునేవారు. ఆయనకి టీ అంటే ప్రాణం.

ఒక విషయం నీకు తెలియాలి. దారి పొడుగునా నేను చూసిందీ విన్నదీ ఇది. బండికి దండం పెడతారు, పసుపునీళ్లు పోస్తారు, అంతే. తలుపు తియ్యరు, లోపల అమ్మ ఉందని భయం. అసలు పూజంతా బయట నిలబడ్డవాడికి. గుడి బయట కాపలా ఉండే పోతురాజు, అమ్మకి తమ్ముడు, వాడే వీడని తేల్చేశారు. తాడు పట్టుకుని నిలబడ్డావు కదా. బొట్లు నీకే, నిమ్మకాయల దండ నీకే, కోడి ఈకలూ నీకే. పొందూరులో సన్నఖద్దరు పీలిక ఒకటి నీకు పంచెగా కట్టారు. నాకు ఇంతవరకు అంత సన్నంది ఎవరూ పెట్టలేదు.

ఆపమన్నావు. సాగనంపిన బండిని ఎవరూ ఆపలేరు. గడ్డం గీసుకుని సిద్ధంగా ఉండు.

అక్క


విజయనగరం
18 డిసెంబరు

అక్కా,

వచ్చింది.

మా సభ హాలు ఊరి చివర ఉందని నీకు తెలుసు. మధ్యాహ్నం భోజనాల వేళ డప్పులు వినిపించాయట, నాకు వినపడలేదు. అందరూ లేచి కిటికీల దగ్గరికి వెళ్తుంటే నేనూ వెళ్లాను. పక్క ఊరివాళ్లు బండిని మా గేటు ముందు వదిలి, దండం పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు.

పసుపులో లారీ కనిపించడం లేదు. చక్రాలు నాలుగూ ఉన్నాయి, బావగారు గట్టి మనిషి. గొడుగు ఊచల్లో ఒకటి వంగింది. నేను మెడ దాకా నిమ్మకాయల్లో ఉన్నాను.

విశ్వనాథ్ కర్ర పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. అతనికీ చెవుడే, అందుకని ఇద్దరం అరుచుకున్నాం, ఊరంతా విన్నది.

“ఒరే చంద్రం! ఈ ఇంజిన్! ఇదే! తాడు చివర ముడితో సహా! మరి పక్కన వీడెవడు?”

“నేనే!” అన్నాను. అందరూ వింటున్నారు. “నేను అక్కడే ఉన్నాను! లోపల లేను! ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను!”

“నువ్వు బయట కాక ఇంకెక్కడుంటావు? టీ ఎవడు తెచ్చాడు మరి? అది కాదు, నేనెక్కడ?”

“లోపల!”

“తలుపు తియ్యి!”

తీశాను. కుదుపులకి అతని కండె వైర్‌లెస్ మీద బోర్లా పడి ఉంది. మీసం చెరిగిపోయింది. ఒక్క బొట్టు లేదు. విశ్వనాథ్ ముఖం ఎర్రబడింది.

“రాత్రింబవళ్లు సెట్టు మోగించింది నేను. పంచె నీకా? నిమ్మకాయలు నీకా? ఇది ఎవరు చేశారు?”

“మా అక్క!”

“నన్నూ బయట నిలబెట్టమను!”

కోపం తగ్గాక మెల్లగా అడిగాను, అంటే నాకు వినపడేంత మెల్లగా: “ఇంతకీ ఎడమగోడ మీద ఏముండేది?”

అతను మళ్లీ బండిలోకి తొంగి చూశాడు. “ఏమోరా. సెట్లు కుడిగోడకి. నా వీపెప్పుడూ ఎడమవైపే. తిరిగి చూడలేదు.”

సభ సాయంత్రం దాకా అదే చర్చ. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అసలు పట్టించుకోలేదు. అది కొంచెం కష్టంగానే ఉంది.

బండిని బల్ల మీదికి ఎక్కిస్తామంటే వాచ్‌మేన్ భార్య ఒప్పుకోలేదు. “పొలిమేరలో ఉంచుకుంటారేటి, పిల్లలున్న ఇళ్లు!” అంది. నిజమే. అందుకని నేనూ విశ్వనాథూ మరో ఇద్దరూ తాడు కట్టి, శృంగవరపుకోట రోడ్డు మీద మా పొలిమేర దాటించాం. ముందు నేనే లాగాను. మొదటిసారి కదల్లేదు. రెండోసారి కదిలింది.

నీ తమ్ముడు చంద్రం


పేట
23 డిసెంబరు

చంద్రానికి,

ఇక్కడ అందరూ క్షేమం. పిల్లలు కల్వర్టు మీద ఎగురుతున్నారు. జగ్గమ్మ మనవరాలికి రెండు మచ్చలు మిగిలాయి, వాటిని అందరికీ చూపించుకుంటోంది.

నిన్న కూర్మయ్య, జగ్గమ్మ, మరో నలుగురు పెద్దలు అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. వచ్చే ఏడాదికి రెండు పేటలూ కలిసి ఇంకో బండి కట్టించుకుంటారట. రేకు వాళ్లది, వల కూర్మయ్యది. లోపల ఎవరుండాలి అని అడిగాను. ఎవరున్నా పర్లేదు, తలుపేసి ఉంటుంది కదా అన్నారు. తమ్ముణ్ణి మాత్రం ఈసారి రెట్టింపు పెద్దగా చెయ్యాలట, ఇంజిన్‌తో సహా. శృంగవరపుకోట అవతల కొండల్లోకో ఎక్కడికో, పాతది ఎటు పోయిందో ఎవరికీ బెంగ లేదు.

విశ్వనాథ్‌ని బయట నిలబెడతాను, చేతికి టీ గిన్నె ఇచ్చి. నువ్వు తాడు వదలకు. ఎడమగోడ ఖాళీగానే ఉంచుతాను, దాన్ని చూసినవాడు ఎవడైనా బతికుంటే వచ్చి చెబుతాడు.

తమ్ముడు రెట్టింపు అయితే ఇంజినూ రెట్టింపు కావాలి. చోక్ మీట వెడల్పెంతో, తాడు ఎన్ని చుట్లు చుట్టేవాడివో రాయలేదు నువ్వు. మూడు పేజీలు చాలవు. ఈసారి క్షేమం రాయకపోయినా ఫరవాలేదు.

అక్క